నేను చూశానన్న మోచెయ్యి

మా మనవరాలు పుట్టినప్పుడు ఐదున్నర కిలోలు తూగింది. ఈ మాట మా ఉద్దానంలో నేను చెప్పని కొబ్బరిచెట్టు లేదు. పలాస బస్సులో చెప్పాను, మందస సంతలో చెప్పాను, జీడిపిక్కలు కొనడానికి వచ్చిన వ్యాపారికి బేరం మధ్యలో ఆపి మరీ చెప్పాను. కాటా చాలక ఆస్పత్రివాళ్ళు ఇంకోటి తెప్పించారని కూడా అన్నాను. అసలు సంగతి నాలుగుంపావు. ముల్లు తిరిగే మామూలు కాటా మీద తెల్లగుడ్డ పరిచి పడుకోబెట్టారు, అంతే. అయినా నాలుగుంపావు కిలోలంటే చిన్న పిల్లేమీ కాదు. ఆ బరువు గురించి ఎంత గొప్పలు పోయానో, తర్వాత దాన్నే తలుచుకుని అంతగా తలదించుకున్నాను. అందుకే ముందుగా అదే ఒప్పుకుంటున్నాను.

రెండు వేల సంవత్సరం రావడానికి ఇంకా ఏడాదో రెండేళ్ళో ఉన్న రోజులవి. తొలికాన్పు పుట్టింటివాళ్ళదే కనుక మా అమ్మాయిని ఏడో నెలలో తెచ్చుకున్నాం. అల్లుడిది నిమ్మాడ దగ్గర పల్లె. పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, ఆదివారం ఆదివారం వచ్చేవాడు. మా ఊరు సుమ్మాదేవి స్టేషనుకు సైకిలు దూరం. ఇంటి చుట్టూ కొబ్బరి, జీడి, నాలుగు పనసచెట్లు. అది ఎండాకాలం, మా వైపు తిండికి పండగ కాలం. పనసతొనలు, మామిడిపళ్ళు, బెల్లంపాకం పట్టిన కొబ్బరుండలు, అన్నీ అమ్మాయి పక్కన పెట్టి, పళ్ళెం ఖాళీ అయ్యేదాకా కదిలేవాణ్ణి కాదు. లోపల పిల్ల మరీ పెరిగిపోతే కాన్పు కష్టమని మా ఆవిడ గొణుగుతూనే ఉండేది. పుట్టింట్లో పస్తులు పెట్టారని వియ్యపురాలి చేత అనిపించుకోకూడదని నా పంతం.

పలాసలో ఒక చిన్న ఆస్పత్రిలో కాన్పు. పొద్దున్న మొదలైన నొప్పులు మధ్యాహ్నానికి ముదిరాయి. తల బయటికి వచ్చింది, భుజం లోపల ఎముక వెనక ఇరుక్కుంది. ఇదంతా తర్వాత చెప్పిన సంగతి. అప్పుడు వరండాలో ఉన్న మాకు వినిపించింది డాక్టరమ్మ గొంతు ఒక్కటే. ఆ గొంతు ఉన్నట్టుండి మారిపోయింది. తర్వాత కాసేపు ఏమీ వినపడలేదు. ఆ కాసేపట్లో నేను వెయ్యి కొబ్బరికాయలు మొక్కుకున్నాను. ఏడుపు వినపడగానే నూట ఎనిమిదికి దిగాను. చివరికి కొట్టినవి పదకొండు.

నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి చూపించింది. ఎడమచెయ్యి పిడికిలి బిగించి గాలిని గుద్దుతోంది. కుడిచెయ్యి మాత్రం ఒంటికి అతుక్కుని పడి ఉంది. వేళ్ళు కదులుతున్నాయి కానీ భుజం కదలడం లేదు, మోచెయ్యి కదలడం లేదు. అరచెయ్యి వెనక్కి తిరిగి, ఎవరికీ కనపడకుండా వెనకనుంచి ఏదో పుచ్చుకుంటున్నట్టు ఉంది. నిద్రపోతున్న చెయ్యేమో అనుకున్నాను. పిల్ల మేలుకున్నాక కూడా ఆ చెయ్యి మేలుకోలేదు.

మర్నాడు నేను ఆస్పత్రికి వెళ్ళి డాక్టరమ్మను నిలదీశానని, నా అరుపులకు మందుల షాపువాడు కూడా లేచి నిలబడ్డాడని ఊళ్ళో చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. నిజానికి నాలుగు కొబ్బరిబొండాలు పట్టుకుని ఆవిడ గది ముందు నిలబడ్డాను. ఆవిడ నన్ను కూర్చోమని, తన రెండు చేతులూ బల్లమీద పెట్టింది. ఈ చేతులతోనే తీశానంది. భుజం ఇరుక్కున్నాక బిడ్డకు ఊపిరి నిలిచేది నిమిషాల లెక్కేనట. లాగినప్పుడు మెడ దగ్గర్నుంచి చేతికి పోయే నరాలు సాగిపోయాయి. చాలామంది పిల్లలకు తిరిగి వస్తుంది, కొందరికి పూర్తిగా రాదు. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే చెయ్యి గురించి అడగడానికి మీకు పిల్లే ఉండేది కాదండి, అంది. కడిగేద్దామని పోయినవాణ్ణి, "బొండాలు కొట్టించి ఇమ్మంటారా అమ్మా" అని అడిగి వచ్చేశాను.

ఇంటికొచ్చాక తప్పు ఎవరిదన్న మాట మొదలైంది. వియ్యపురాలు వచ్చి, గ్రహణంనాడు కత్తిపీట ముట్టుకున్నావా అని మా అమ్మాయిని అడిగింది. మా అమ్మాయి తనే సరిగా ముక్కలేదని, డాక్టరమ్మ చెప్పినప్పుడు బలం చాలక వదిలేశానని ఏడ్చింది. మా ఆవిడ మాత్రం దొడ్లో ఆరబోసిన పనసపిక్కల వైపు ఒకసారి చూసి, నా వైపు చూసింది. అంతకన్న అననక్కర్లేదు.

మూడు వారాలు ఆ చెయ్యి లాగకూడదన్నారు. మా వైపు పసిపిల్లకు నీళ్ళు పోయడానికి ఒక ముసలామె వస్తుంది. కాళ్ళు చాపుకుని, కాళ్ళమీద పిల్లను బోర్లా వేసుకుని, నూనె పట్టించి, ఈ చెయ్యీ ఆ కాలూ పట్టి కత్తెరలా లాగుతుంది. అలా లాగితేనే కీళ్ళు సాగుతాయని నమ్మకం. ఊళ్ళో సగంమందిని ఆవిడే లాగింది, నన్ను లాగింది వాళ్ళమ్మ. మొదటిరోజు ఆవిడ కుడిచెయ్యి పట్టుకోబోతే బాలింత మంచం దిగి వచ్చి, నూనె ఓడుతున్న పిల్లను అలాగే ఎత్తుకుపోయింది. ముసలామె అలిగి వెళ్ళిపోయింది. ఆనాటి నుంచి పిల్లకు నీళ్ళు మా అమ్మాయే పోసేది. గౌను తొడిగేటప్పుడు ముందు కుడిచెయ్యి, విప్పేటప్పుడు ఆఖరున కుడిచెయ్యి. అలా అయితే చెయ్యి మెలిపడదని నర్సు నేర్పింది. మా ఆవిడ, ఆదివారం వచ్చే అల్లుడు, ఎవరు పిల్లను ముట్టుకున్నా అదే వరస.

మూడు వారాలు దాటాక టెక్కలి ప్రయాణాలు మొదలయ్యాయి. అక్కడికి వారానికొకరోజు ఫిజియోథెరపీ చేసే ఆయన వచ్చేవాడు, మేమంతా మాస్టారనేవాళ్ళం. ఆయనే ఒకసారి, కడుపుతో ఉన్నప్పుడు తల్లికి సుగరు ఉంటే పిల్లలు పెద్దగా పుడతారు, పరీక్ష చేయించారా అని అడిగాడు. చేయించలేదు. నేను కిటికీలోంచి బస్సులు చూస్తూ కూర్చున్నాను.

చెయ్యి ఎలా ఎత్తాలో, మోచెయ్యి ఎలా ముడిచి చాపాలో ఆయన మా అమ్మాయికి నేర్పాడు. గుడ్డ మార్చిన ప్రతిసారీ పదేసిమార్లు. మధ్యాహ్నం వంతు నాదేనని, నా చేతిచలవ వల్లే ఆ నరం లేచిందని ఊళ్ళో చెప్పుకునేవాణ్ణి. నిజమేమిటంటే ఆ చెయ్యి ముట్టుకోవడానికే నాకు భయం. జీడిచెట్టు కొమ్మ విరిచినట్టు విరిగిపోతుందనిపించేది. గడపలో నిలబడి లెక్క మాత్రం నేను పెట్టేవాణ్ణి. అందులోనూ ఆరు తర్వాత ఎనిమిది అనేవాణ్ణట, తొందరగా అయిపోవాలని. మా అమ్మాయి వెనక్కి తిరక్కుండానే "ఏడు" అనేది.

అసలు నేను చెప్పుకోవలసింది మూడో నెల సంగతి.

మాస్టారు ముందే చెప్పి ఉంచాడు. మూడో నెలకు పిల్ల తనంతట తాను మోచెయ్యి ముడవాలి. ముడవకపోతే విశాఖపట్నంలో పెద్ద డాక్టరుకు చూపించాలి, ఆపరేషను పడొచ్చు, అది ఆలస్యం చేసే పని కాదు. ఆ రోజు అమ్మాయీ నేనూ తీసుకెళ్ళాం. ఆయన పిల్ల కుడి అరచేతిలో ఈక పెట్టి గిలిపెట్టాడు, ఎడమచెయ్యి పట్టుకుని కుడివైపు గిలక ఆడించాడు. పిల్ల గిలక వైపు చూసి నవ్వింది కానీ మోచెయ్యి ముడవలేదు. ఆయన కాగితం తీసుకుని విశాఖ డాక్టరుకు చీటీ రాయడం మొదలుపెట్టాడు. రాస్తూనే, ఇంట్లో ఎప్పుడైనా ముడిచిందా, ఎవరైనా చూశారా అని అడిగాడు.

మా అమ్మాయి ముఖం చూశాను. నోట్లోంచి మాట ఎలా వచ్చిందో తెలియదు. నిన్న మధ్యాహ్నం నేను చూశానన్నాను. ఉయ్యాల్లో పడుకుని ముడిచిందన్నాను. అంతటితో ఆగితే నేను నేను కాను. చెయ్యి నోటిదాకా తీసుకెళ్ళి మూతి తుడుచుకుందని కూడా అన్నాను.

మాస్టారు కలం ఆపాడు. మీరు కళ్ళారా చూస్తే మంచిదే, అయితే ఇంకొన్నాళ్ళు చూద్దాం అని ఆ చీటీ మడిచి సొరుగులో పెట్టేశాడు. మా అమ్మాయి నావైపు తిరిగింది. పిల్ల పుట్టాక ఆ ముఖంలో వెలుగు చూడడం అదే మొదటిసారి. బయటికి వచ్చాక బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తిని, మళ్ళీ అడిగి పెట్టించుకుంది. ఆ ఇడ్లీలు చూస్తూ నేను నా మాట వెనక్కి తీసుకోలేకపోయాను.

అబద్ధానికి మేత వేస్తూ ఉండాలని ఆ తర్వాత తెలిసింది. తోటనుంచి రాగానే అమ్మాయి ఎదురొచ్చి, మళ్ళీ ఎప్పుడైనా చేసిందా నాన్నా అని అడిగేది. చేసిందమ్మా, నువ్వు నీళ్ళకెళ్ళినప్పుడు కొంచెం చేసింది అనేవాణ్ణి. నాకు మాత్రం ఎందుకు చూపించదని దిగులుపడేది. పిల్లకు తాతంటే ప్రేమ ఎక్కువని మా ఆవిడ సర్దిచెప్పేది. ఊరంతా తెలిసిపోయింది. దారిలో మనుషులు ఆపి చెయ్యి వచ్చేసిందట కదా అనేవాళ్ళు. రెండు నెలలు అలా గడిచాయి. రోజూ ఒకసారైనా ఉయ్యాల దగ్గరికి వెళ్ళి, నీకు దండం పెడతాను ఒక్కసారి ముడవవే తల్లీ, తాత మాట నిలబెట్టవే అని బతిమాలేవాణ్ణి. అది ఎడమచేత్తో నా మీసం పట్టుకునేది.

ఆడపిల్లకు బేసి నెలలో అన్నప్రాసన. ఐదో నెలలో పెట్టుకున్నాం. వియ్యపురాలు, చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారు. పాయసం నాకించాక పిల్ల ముందు పుస్తకం, కలం, బంగారం, పూలు పెడతారు. ఏది పట్టుకుంటే అది దాని బతుకని వేడుక. తల్లి ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే చెయ్యి చాస్తుంది. మా అమ్మాయి ఏం చేసిందంటే, అన్నీ పిల్లకు కుడివైపు సర్దింది. పిల్ల కుడి మునివేళ్ళకు కాస్త పాయసం రాసి, ఎడమచెయ్యి మెత్తగా తన చేతిలో పట్టుకుంది. కుడిచేత్తోనే పట్టుకుంటుంది చూడండి, ఆ చెయ్యి నోట్లో పెట్టుకుంటుంది చూడండి అని అందరికీ చెప్పింది. నన్ను నమ్మి చెప్పింది.

అందరూ వంగి చూశారు. పిల్ల వేళ్ళు కదిలాయి. భుజం కొంచెం ఉలికిపడింది. పాయసం అంటిన చెయ్యి తొడమీదే ఉండిపోయింది. పిల్ల దానివైపు చూసి మూతి చప్పరించి, అందక ఏడుపు అందుకుంది. ఎవరో ఏదో అనేలోగా మా అమ్మాయి, నాన్న చూశాడు కదా, సిగ్గుపడుతోంది అంది. అందరూ నావైపు తిరిగారు.

అప్పుడు నేను లేచి పదిమంది ముందూ నిజం చెప్పేశానని రాయాలని ఉంది. నేను లేచిన మాట నిజం. లేచి పశువుల శాల వెనక్కి పోయి గడ్డిమేటుకు ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి అల్లుడు వచ్చి పక్కన కూర్చున్నాడు. నెమ్మదస్తుడు, మాట తక్కువ. నేను చెప్పేశాను.

"నాకు తెల్సు మావయ్యా" అన్నాడు. "ఆదివారం ఆదివారం ఆ సెయ్యి ఎత్తుతున్నాను గదా. ముడిసే సెయ్యి అంత బరువుండదు."

"మరి సెప్పలేదేటి?"

గడ్డిపోచ తుంచి చాలాసేపు నలిపాడు. "తను అన్నం తింతన్నాది మావయ్యా. పిల్ల పుట్టినాక కడుపునిండా తిండం అదే మొదలు. ఎలగ సెప్పీది."

తర్వాత, రేపు పొద్దున్న ప్యాసింజరుకు విశాఖ పోదామన్నాడు. భార్యకు మాత్రం తను చెప్పనన్నాడు, అది నేనే చెప్పాలన్నాడు.

ఆడవాళ్ళు వెళ్ళిపోయాక అమ్మాయి పాయసం గిన్నె కడుగుతోంది. పక్కన కూర్చుని చెప్పాను. గిన్నె కడగడం ఆపలేదు. ఏ రోజు నుంచని అడిగింది. మొదటిరోజు నుంచేనన్నాను. అప్పుడు నావైపు చూసింది.

"ఊరికి సెప్పుకో నాన్నా ఎన్ని కావాలంటే అన్ని. నాక్కూడానా?"

కడిగిన గిన్నె నా చేతిలో పెట్టి లోపలికెళ్ళిపోయింది.

పొద్దున్న సంచీ మోసుకుంటూ వాళ్ళ వెనకే సుమ్మాదేవి స్టేషనుకు నడిచాను. దారంతా అమ్మాయి వెనక్కి తిరిగి చూడలేదు. ఆ స్టేషన్లో బండి ఆగేది నిమిషం. అల్లుడు ఎక్కి సంచీ అందుకున్నాడు, అమ్మాయి ఎక్కింది. పిల్లను నేను కిందనుంచి అందించాను. అదే మొదటిసారి అనుకుంటాను, భయం మరిచిపోయి ఆ కుడిచేతి కింద నా అరచెయ్యి పెట్టి ఎత్తడం. బండి కదలబోతుంటే అమ్మాయి తలుపు దగ్గరే నిలబడి, "ఎక్కవేటి నాన్నా" అంది. టిక్కెట్టు లేదు. అయినా ఎక్కేశాను. టీసీతో వాదించి గెలిచానని తర్వాత చెప్పుకున్నాను కానీ, ఆ రోజు టీసీ రానేలేదు.

విశాఖలో డాక్టరు పెద్దాయన. పిల్ల జబ్బ కండమీద రెండు వేళ్ళు ఆనించి కళ్ళు మూసుకుని చాలాసేపు కూర్చున్నాడు. రెండో చేత్తో బిస్కెట్టు చూపించి లాక్కున్నాడు, పిల్ల గింజుకుంది, ఆయన వేళ్ళు తీయలేదు. చివరికి కళ్ళు తెరిచి, కండ కదులుతోంది, చెయ్యి బరువు ఎత్తే బలం ఇంకా రాలేదంతే అన్నాడు. నెల తిరక్కుండా మళ్ళీ రమ్మన్నాడు, అప్పటికీ లేకపోతే ఆపరేషను అన్నాడు. మూడో నెలలో ఎందుకు తీసుకురాలేదని అడిగాడు. కూతురూ అల్లుడూ నేల చూశారు. నావల్లేనండి అన్నాను. ఈసారి ఒక్కమాటకు ఇంకో మాట కలపలేదు. ఆ రెండు నెలల వల్ల నష్టం జరిగిందా అని అడిగాను. చెప్పలేం అన్నాడు. ఆయన అది నా మొహంమీద విసరలేదు, మామూలుగానే అన్నాడు. ఆ 'చెప్పలేం' ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ తర్వాత లెక్క పెట్టడం మానేసి నేనే చెయ్యి పట్టుకున్నాను. ఆరు తర్వాత ఏడే అన్నాను.

విశాఖ వెళ్ళవలసిన వారం ఇంకా రాలేదు. ఒకరోజు పొద్దెక్కాక వాకిట్లో చాపమీద పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కుడిచేతిలో రస్కు ముక్క పెట్టి, ఎడమచెయ్యి పట్టుకుని కూర్చున్నాను. రోజూ చేసే పనే. రోజూ ఆ రస్కు జారి చాపమీద పడేది, కోడి ఎత్తుకుపోయేది. ఆ రోజు పడలేదు. మోచెయ్యి ఒణుకుతూ లేచింది. సగం దాకా వచ్చి ఆగింది. మిగతా సగం దూరం పిల్ల మూతి ముందుకు చాపి, తలే కిందికి వంచింది. రస్కు అంచు చప్పరించింది.

నేను అమ్మాయిని కేకేశాను. ముడిచింది రావే అన్నాను. లోపల రోకలి దంపుడు ఆగలేదు. "అలగే నాన్నా" అని మాత్రం వినపడింది. మా ఆవిడ గుమ్మందాకా వచ్చి, నా మొహం చూసి, మళ్ళీ మొదలెట్టాడని లోపలికెళ్ళిపోయింది. రెండోసారి పిలవబోయి ఆగిపోయాను. పిలిచే హక్కు నాకేం ఉంది.

రస్కు అయిపోతే ఇంకోటి పెట్టాను. అదీ చప్పరించింది. ఐదు రస్కులు తినిపించాను అంటే నమ్మకండి, రెండున్నర. కడుపు నిండి పిల్ల కళ్ళు వాలుస్తోంది. పడుకోవద్దే తల్లీ, అమ్మ వచ్చేదాకా ఆగవే అని చెవిలో ఊదుతూ, పాటలు పాడుతూ, కోడిని తోలుతూ కూర్చున్నాను. ఎంతసేపని అడిగితే రోజంతా అంటాను. లోపల దంపుడు అయ్యేదాకా.

అమ్మాయి చేట పట్టుకుని బయటికి వచ్చింది. పొట్టు చెరగడానికి మా పక్కనుంచే వెళ్తోంది. నేను నోరు మూసుకుని పిల్ల చేతిలో ఆఖరి ముక్క పెట్టి చెట్టు వైపు చూశాను. రెండడుగులు వేసి ఆగింది. చేట కిందపడిన చప్పుడు వినపడింది. వచ్చి నా భుజానికి భుజం ఆనించి కూర్చుంది.

"సూసినావా నాన్నా?" అంది.

"నేదమ్మా. నువ్వే సూసినావు" అన్నాను.

ఆపరేషను అవసరం పడలేదు. మోచెయ్యి వచ్చింది, మణికట్టు వచ్చింది. భుజం మాత్రం పూర్తిగా రాలేదు. ఇదంతా జరిగి తొమ్మిదేళ్ళు. సెలవులకు పలాస నుంచి వచ్చినప్పుడు మా మనవరాలు జడ తనే వేసుకుంటుంది. చెయ్యి తల వెనక్కి పోదు కనుక తలనే పక్కకు వాల్చి, జుట్టంతా కుడి భుజం మీదికి తెచ్చుకుని అల్లుకుంటుంది. ఎవరూ నేర్పలేదు. నేను ఇప్పటికీ చొక్కా ముందు కుడిచేతికే తొడుక్కుంటాను. నా చేతికి ఏ జబ్బూ లేదు.

మొన్న తోట చూడడానికి వచ్చిన చుట్టానికి ఈ కథంతా చెబుతూ, ఇప్పుడు మా పిల్ల చెయ్యి ఎత్తితే కొబ్బరి గెల అందుతుందన్నాను. అరుగుమీద జడ అల్లుకుంటున్న మనవరాలు నోట్లో రిబ్బను తీసి, "అంత నేదు తాతా, సెవి దాకానే" అని, చుట్టానికి సరిగ్గా కనపడేలా ఎత్తి చూపించింది.